ఎనిమిది పైసలు

రేణిగుంట దాటి ఏర్పేడు పోయే దారిలో
ఎడమపక్క నీలం రేకుల షెడ్డు మాది.
రోజుకు ఆరు వేల బల్బులు, తొమ్మిది వాట్లవి.
నేను వాటిని చెయ్యను.
ఒక్కోటి ఎంత పడిందో రాస్తాను.

అల్యూమినియం ఒంటికి ఇంత, లోపలి సర్క్యూటుకు ఇంత,
పైన పాలరంగు మూతకు ఇంత,
అట్టపెట్టెకు రెండు రూపాయల పది పైసలు.
అన్నిటికంటే కింద, ఇరుకు గడిలో, కూలి:
రూపాయి పన్నెండు పైసలు.
బల్బును మోసే పెట్టె కంటే
బల్బును చేసిన చేతులే చవక.
ఈ మాట ఎవరితోనూ అనలేదు.
గడిలో పట్టదు.

లైనుకు పద్నాలుగు మంది. తలకు నాలుగు వందల ఎనభై.
స్టాప్‌వాచ్ పట్టుకుని నేనే నిలబడినాను వాళ్ల వెనక
పరీక్ష హాల్లో కాపలా అయ్యవారి మాదిరి.
ఒక్కొక్కరి చేతిలో బల్బు నిలిచేది
ఐదు సెకన్లు కూడా కాదు.
అంతలోనే ఐదో సీటు మొగిలీశ్వరి
తీగకు టంకం చుక్క పెట్టి, ఉఫ్ అని ఊది, పక్కకు తోసి
"ఏం సార్, నేను తుమ్మితే అది కూడా రాస్తారా?" అనింది.
రాసినాను.
'ఇతర విరామాలు' అని.

వాళ్లది పాపానాయుడుపేట.
వాళ్ల తాత కొలిమి ముందర కూచోని
గాజును దారంలా లాగి పూసలు కోసేవాడంట.
"పూసకింత అని ఎవురూ లెక్క కట్టలే సార్,
శేరుకింత అనేవాళ్లు."
ఆయన వేళ్లూ కాలినవే. ఈమె వేళ్లూ కాలినవే.
అందుకే గేటు దగ్గర వేలిముద్ర మిషను
పొద్దున్నే ఈమెను గుర్తుపట్టదు.
ట్రై అగైన్, అంటుంది.
చున్నీకి తుడుచుకుని మళ్లీ పెడుతుంది.
ట్రై అగైన్.
వెనక క్యూలో నవ్వులు, ముందర గడియారం,
ఆరూ ఐదు దాటితే అరపూట కోత.

మంగళవారం చెన్నై నుంచి ఫోన్.
"మార్కెట్లో ధర పడిపోతా ఉంది.
కూలిలో ఎనిమిది పైసలు తగ్గించు."

ఎనిమిది పైసలు!
ఆ నాణేలే లేవిప్పుడు.
ఉన్నా పిల్లోడి చేతికిస్తే విసిరికొడతాడు.
సరే సార్, అనేసినాను.
తర్వాత కాగితం తీసుకుని
రూపాయి పన్నెండును పద్నాలుగుతో భాగించినాను.
శేషం లేకుండా పోయింది.

ఎనిమిది పైసలంటే
ఒక మనిషి.

క్యాలిక్యులేటర్‌లో ఇంకోసారి చూసినాను.
మనిషే.

నాలుగో సీటు దేశమ్మకు ఐదో సీటు పని కలిపితే
లైను ఆగదని నా స్టాప్‌వాచే చెప్పింది.
దేశమ్మ తుమ్మకుండా ఉంటే చాలు.

ఆ సాయంత్రం సంతకానికి పరీక్షగదికి పోయినాను.
రెండు గంటల పాటు వరుసలు వరుసలుగా
ఊరికే వెలుగుతా ఉంటాయి అక్కడ బల్బులన్నీ.
ఆ వెలుతురులో చదివే పిల్లలు లేరు,
బియ్యంలో రాళ్లేరే వాళ్లు లేరు.
నలుదిక్కులా వెలుగే కాబట్టి
నా నీడ ఎక్కడా పడలేదు.
బాగానే ఉండింది, నిజం చెప్పాలంటే.

శనివారం రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టి
మొగిలీశ్వరి డబ్బులు రెండుసార్లు లెక్కబెట్టుకుంది.
స్టాఫు ధరకు ఒక బల్బు కొనింది. అరవై రూపాయలు.
బిల్లు నేనే రాసినాను.
అరవై అంటే ఆమెకు ఒక గంట,
ఏడు వందల యాభై టంకం చుక్కలు.
ఇది ఎవరూ అడగని లెక్క.

పోతా పోతా అలవాటు కొద్దీ
గేటు దగ్గర వేలు పెట్టింది.
మిషను ఒక్కసారికే గుర్తుపట్టి
థ్యాంక్యూ, అనింది.