పడమటి గోడ లెక్క

డబ్బా వెనక అంటించిన కాగితాన్ని నమ్మకు, అన్నాను ఏసుమణితో.
మూడు వందల యాభై వాట్లు అని ఉంటుంది.
అది దాని తాహతు, తిండి కాదు.
విస్తరి పెద్దదైనంత మాత్రాన
అంచుదాకా ఎవరు తింటారు?

క్లాంప్ మీటరు నోరు తెరిచి
ఒక్కో తీగనీ కరిచి చూశాం.
పెద్ద రౌటరు నూట నలభై.
ఇళ్ళకి ఫైబర్ పంచే పెట్టెలు రెండూ నూట యాభై.
స్విచ్చులు నాలుగూ నూట పన్నెండు.
మూల నీలం దీపం పెట్టె నలభై అయిదు,
బల్లి తోకల్లా వేలాడే అడాప్టర్లన్నిటికీ ముప్పై మూడు.
కొబ్బరి చిట్టీ వెనక కూడాడు వాడు:
నాలుగు వందల ఎనభై.

ఆగు. ఇన్వర్టరు దారిలో తినేది ఎవడు రాస్తాడు?
లంకలోంచి పడవెక్కిన పాలు
రేవు దాటేసరికి కాస్త తగ్గవూ?
ఎనభై అయిదు కలుపు.
అయిదు వందల అరవై అయిదు.
నెలకి నాలుగు వందల ఏడు యూనిట్లు,
అది పుల్లేశ్వర్రావు గారి గుండెపోటు, మనది కాదు.
మనకి కావలసింది వేడి.

మూడు పాయింట్ నాలుగు ఒకటి రెండుతో గుణించు.
గంటకి పంతొమ్మిది వందల ఇరవై ఎనిమిది బీటీయూలు.
ఒక టన్ను ఏసీ పన్నెండు వేలు లాగేస్తుంది,
ఆయనేమో రెండు టన్నులది బేరమాడేశారు.

"ఇంతేనా అక్కా? మరి ఇలా ఉడికిపోతున్నామేం?"

పైన రేకులు కదరా.
మే నెల మధ్యాహ్నం రేకు ఏ మీటరుకీ లొంగదు.
నువ్వున్నావు, నేనున్నాను,
ఊరికే కూచున్నా మనిషి వంద వాట్లు.
నిన్న మాచవరం స్తంభం మీంచి నువ్వు అరిచిన అరుపుకి వేరే లెక్క.

ఒక్కటి మాత్రం ఇప్పటికీ మింగుడుపడదు నాకు.
పదకొండు వందల ఇళ్ళ మాటలు ఈ గదిలోంచే పోతాయి.
రొయ్యల కౌంటు ధర,
ఆదివారం చర్చి పాట,
కువైట్‌లో ఎవరి వంటింట్లోనో గిన్నెలు తోముతూ
ఒక తల్లి పిల్లాడి చేత వల్లె వేయించే పదమూడో ఎక్కం.
వాటికి బరువు లేదు, వెళ్ళిపోతాయి.
తిన్న కరెంటంతా, పైసలతో సహా,
వేడై ఇక్కడే కూచుంటుంది,
బండి దిగిపోయాక కూడా
సీటుకి అంటుకున్న ఒంటి వెచ్చదనంలా.

ఎగ్జాస్ట్ ఫ్యాను పడమటి గోడకి ఉంది.
గోడవతల కర్రి సూరాయమ్మ గారి కురిడీ అటక.
సోమవారం మెట్లెక్కి వచ్చిందావిడ
చంకలో రెండు కాయలతో.
పోట్లాటకనే అనుకున్నాను.

ఒకటి నా చెవి దగ్గర ఆడించింది: గుడగుడ.
"ఇది ఆ చివరది."
రెండోది ఆడించింది.
నీళ్ళ చప్పుడు లేదు. లోపల గుండు
చిప్పని వదిలేసి ఒంటరిగా దొర్లింది, లొటలొట.
"ఇది మీ గోడ పక్కది. నెలన్నర ముందే ఇంకిపోయిందమ్మా,
పొగ పెట్టకుండానే.
ఏసీ పెట్టి ఫ్యాను తీసేస్తారంటగా,
కాస్త చూడండి మరి."

కాగితం మీద రాశాను:
ఏసీ వద్దు. రేకుల కింద థర్మాకోల్. ఇంకాస్త పెద్ద ఫ్యాను.
ఎటువైపని పుల్లేశ్వర్రావు గారు అడగలేదు,
నేను చెప్పలేదు.

ఏసుమణి ఇంకా కాయ ఆడిస్తూనే ఉన్నాడు.
"అక్కా, ఇది మన కరెంటు ఎన్ని వాట్లు తిందంటావ్?"

ఏమోరా. దీని వెనక ఎవరూ కాగితం అంటించలేదు.
ముందా ఫ్యాను బోల్టులు బిగించు.