నిండుకున్నది

టిమరూ రేవు వెనక సందులో
వెల్డింగు సామాన్ల కొట్టు.
దక్షిణపు గాలికి తలుపు దానంతటదే తెరుచుకుంటుంది,
బేరం వచ్చిందనుకుని టామటి తలెత్తుతాడు.
ఈసారి నిజంగానే వచ్చాం, నేనూ నెస్టా,
పాత రెగ్యులేటర్ని రొట్టెల సంచిలో వేసుకుని.

దాని జబ్బు పాకడం.
పన్నెండు మీద పెట్టి పడుకుంటే
తెల్లారేసరికి ఇరవై మీద కూర్చుని ఉంటుంది.
కుళాయి తిప్పితే గ్లాసు నిండా నురగ,
నురగ అడుగున నాలుగు గుక్కల బీరు.
ఆరు వారాలు గారేజీలో
నెస్టా నన్నంది, నేను గొట్టాన్నన్నాను,
గొట్టం పొడుగు పెంచాను, ఫ్రిజ్జుకి చలి పెంచాను,
నోరు లేని యీస్టుని కూడా వదల్లేదు.
టామటి మరలు విప్పి అరచేతిలో పెట్టి చూపించాడు:
చొక్కా బొత్తాం కన్నా చిన్న రబ్బరు ముక్క,
దాని మీద వెంట్రుకంత గీత.
ఇంత గొడవా ఆ సందులోంచి.

బల్ల మీద మూడు పరిచాడు.
ఒక గేజి ఉన్నది చవక.
రెండు గేజిలది ఇంకో నలభై డాలర్లు.
మూడోది జంట బొజ్జలది, ధర చూసి నేను కిటికీ వైపు చూశాను.
"ఒక సిలిండర్ మీదే రెండు ఒత్తిళ్ళు," అన్నాడు,
"ఆమె పీపాకి ఆమెది, మీ పీపాకి మీది."

నెస్టా గోధుమ బీరు ముక్కుకి ఎక్కాలి.
నాది నల్లది,
మెత్తగా, నిద్రపోతున్నట్టు గొంతు దిగాలి.
ఇరవై రెండేళ్ళుగా పన్నెండు దగ్గర రాజీ,
ఇద్దరికీ నచ్చని అంకె.

"ఆ పెద్ద గేజి ఎందుకు?" అంది నెస్టా.
టామటి కాసేపు గడ్డం గోక్కున్నాడు.
అమ్ముకునేవాడు చెప్పకూడని మాటే చెప్పాడు.
"సిలిండర్లో ఎంతుందో చూపించడానికి.
చూపించదు."

లోపల గ్యాసు నీళ్ళలా ఉంటుందట.
ఆ నీరు చెంచాడు మిగిలినా
ముల్లు ఎనిమిది వందల దగ్గరే నిలబడుతుందట.
చలి ఉదయాన కాస్త కుంగుతుంది,
గారేజీ రేకు మీద ఎండ పడితే లేస్తుంది;
అది చెప్పేది వాతావరణం.
లేదు అనడం నోటికి రాని ఇల్లాలిలా
చివరి చెంచా దాకా నిండుగానే ఉన్నానంటుంది,
ఏ శనివారం రాత్రో, చుట్టాలు గ్లాసులు పట్టుకుని ఉండగా,
నిండుకుంటుంది.

"మరి ఎలా తెలిసేది?"
"తూచుకోండి.
ఖాళీ బరువు మెడ మీద చెక్కి ఉంటుంది."

జంట బొజ్జలదే తీసుకున్నాం.
పెద్ద గేజి ఊడదీసి, ఆ చోట ఇత్తడి బిరడా బిగించి
పద్దెనిమిది డాలర్లు తగ్గించాడు.

ఇంటికొచ్చి కొత్త వాషరు వేసి
సబ్బునీళ్ళు పూసి, ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని
బుడగ కోసం చూశాం.
రాలేదు.
రానిదాన్ని అంతసేపు చూడటం
ఎందుకో బాగుంది, ఎవరూ లేవలేదు.

నెస్టా తన మర పదిహేను దాకా తిప్పింది.
నేను నాది ఎనిమిదికి దించాను.
మూడోవారం నా నల్లదాన్ని ఓ గుక్క తాగి
"ఇది చచ్చిపోయింది" అంది.
"అవును," అన్నాను, సంతోషంగా.

ఇప్పుడు ప్రతి ఆదివారం
స్నానాలగదిలోంచి బరువు మిషను గారేజీకి వస్తుంది.
నెస్టా సిలిండర్ని చంటిపిల్లలా ఎత్తుకుని ఎక్కుతుంది,
దించేసి మళ్ళీ ఒక్కతే ఎక్కుతుంది.
నన్ను అటు తిరగమంటుంది.
తన బరువు తనలోనే తీసేసుకుని
మిగిలిన లెక్క మాత్రం
ఫ్రిజ్జు తలుపు మీద సుద్దతో రాస్తుంది.

ఈ వారం, కిలో నూట యాభై.
అంకె పక్కన ఓ చిన్న ప్రశ్నార్థకం,
మిషను మీద తనకి నమ్మకం లేదట.