తడి గీత

తెల్లారకముందే ట్యాంకు ఎక్కుతాడు ఆగాబాబా.
నూట పన్నెండు మెట్లు.
మెట్టుకో మాట అంటుంది మోకాలు,
ఆయన విననట్టే ఉంటాడు.
పైన ఖజ్రీ గాలి. ఒక చేత్తో టోపీ అదిమి
ఒక చేత్తో ఇత్తడి గుండు కట్టిన టేపు పట్టుకుని
మూత తీసి, మొహం పక్కకి తిప్పి
వదులుతాడు.

చమురుకి చప్పుడుండదు.
గుండు అడుగు తాకిన అదురు
చెవికి కాదు, వేలికి తెలుస్తుంది.
పైకి చుడితే, తడి ఆగిన చోట ఒక గీత.
ఆరు మీటర్ల నలభై ఒకటి.
పెన్సిల్‌తో పుస్తకంలోకి.
నలభై మూడేళ్లుగా అదే చేతిరాత,
సున్నాలు మాత్రం ఈమధ్య కొంచెం వణుకుతున్నాయి.

కింద కాపలాగదిలో టీవీ.
కోట్లు తొడుక్కున్న ఇద్దరు, రెండు గీతలు.
ఒకాయన గీత పైపైకి పోతుంది:
లోకానికింకా దాహం తీరలేదట.
రెండో ఆయన గీత పదేళ్లు నడిచి
అలసిన గుర్రంలా తల వాలుస్తుంది.
ఇద్దరూ ఒకటే మాట, కొండెక్కుతుందని.
ధర కొండెక్కడం వేరు,
దీపం కొండెక్కడం వేరు.
ఏది ఏదో చెప్పకుండానే ప్రకటనలొచ్చాయి.

"ఎవరిది నిజం, ఉస్తా?" అంటాడు కుర్ర కాపలాదారు వుగార్.
చక్కెరముక్క పళ్ల మధ్య పెట్టుకుని
టీ చప్పరించి అంటాడు ముసలాయన:
"వాళ్ల గోళ్లు చూశావా, ఎంత తెల్లగా ఉన్నాయో."

రేవు బయట మూడు ఓడలు
కడుపునిండా నింపుకుని కదలకుండా ఉన్నాయి పదిరోజులుగా.
ఎదురుచూసేది ఓడలు కాదు,
ఓడల కాగితాలు జేబులో ఉన్నవాళ్లు.

మనవరాలు చిచెక్ బాకూలో కరెంటు బస్సు నడుపుతుంది.
మొదటి జీతంతో తాతకి తోలు తొడుగులు కొంది.
ఆయన వాటిని ముద్దు పెట్టుకుని పెట్టెలో దాచాడు.
తొడుగుంటే అదురు తెలీదు కదా.
ఒకసారి ఆమె బస్సెక్కి ఊరంతా తిరిగొచ్చాడు,
"బాగుంది. వాసనే లేదు" అన్నాడు,
మెచ్చుకోలో దిగులో
ఆమెకి ఇప్పటికీ అర్థం కాలేదు.

చివరి వారం.
సంతకాలైపోయాయి, టేపు ఇంకా అప్పగించలేదు.
సాయంత్రం పాత చెక్కవంతెన చివరిదాకా నడిచాడు.
పెళ్లైన కొత్తలో సోనాతో కూర్చుని
కాళ్లు తడుపుకున్న చోటు.
ఇసుకలోకి పాతిన స్తంభాల మీద
నత్తగుల్లలు ఎండిపోయి తెల్లగా, మనిషెత్తున.
సముద్రం దూరంగా, ఎవరిదో సముద్రంలా.

అన్నీ అయిపోతాయంటారు, చమురు అయిపోతుందంటారు,
చమురు అవసరమే అయిపోతుందంటారు.
ఇది అయిపోతుందని ఆయనకెవరూ చెప్పలేదు.

అలవాటుగా మొహం పక్కకి తిప్పి టేపు వదిలాడు.
గుండు ఆనింది. వేలికి అదురు తెలిసింది.
చుట్టి, వెలుతురుకి పెట్టి చూశాడు,
కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.
గీత లేదు.

పుస్తకం తెరిచి
తేదీ వేశాడు.
పక్క గడిలో పెన్సిల్ మొన
చాలాసేపు ఆనించి ఉంచాడు.