రెండో టాంకీ

సిరొంచలో మా వెల్డింగు షెడ్డు మీద
ప్రాణహిత గాలికి రేకు చప్పుడు చేస్తనే ఉంటది.
జ్యేష్ఠం ఆఖర్ల ఒక పొద్దుమాపు
సడ్మేక్ లచ్చు తన డీజిల్ పికప్పును
ఎనుకకు తిప్పి షెడ్డుల పెట్టిండు.
"అన్నా, ఇంకో టాంకీ కట్టాలె. అరవై లీటర్లది."

ఉన్నది చాలదా అన్న.
మిర్చి బస్తాలకు, తునికాకు కట్టలకు
ఆలపల్లి మీంచి భామ్రాగడ్ పోయి రానీకి
కంపెనీ టాంకీ సరిపోతది, నాకెరుకే.
మాట్లాడలే. చాసిస్ కింద వంగి
జానలు వేసి కొలిచి చూపిండు:
"గిక్కడ. ఎడమ దిక్కు. స్పేరు టైరు పక్కన.
మీది కొక్కేలు మాత్రం తియ్యకు."

కొక్కేలా?
డబ్బా లోపలి దిక్కు నాలుగున్నయి,
మంచం కోళ్లు కట్టేటంత ఎత్తుల.
ఒకదానికి నులక పోగు ఇంకా చుట్టుకొని ఉన్నది.

పద్నాలుగు గేజీ రేకు తీసిన.
లోపల రెండు అడ్డుపలకలు, పలకకు మూడు బొక్కలు.
అవి లేకుంటే మలుపు కాడ డీజిలంత ఒక్క దిక్కుకే ఉరుకుతది,
బెదిరిన మేకల మంద లెక్క.
ఊపిరి గొట్టం ఒకటి. గాలి ఆడకుంటే
ఎంత నిండుగున్నా చుక్క ఇడువది.
అడుగున నీళ్లు వంపే బిరడ.
సీటు కింద ఇత్తడి కాక్:
ఇటు తిప్పితే పాతది, అటు తిప్పితే కొత్తది.
మిగిలింది మళ్లొచ్చే పైపును గుడ దానెంబడే మలిపిన,
లేకుంటే ఒకటి ఎండుతది, ఇంకోటి పొర్లుతది.

పాత టాంకీకి కొత్త నోరు తెరవాలె గద,
కడిగి, నీళ్లు నింపి, రాత్రంత ఉంచి
తెల్లారినంకనే మంట చూపిన.
నాకు పని నేర్పిన గౌస్ ఉస్తాద్‌కు కుడి చెవి లేకుండె.
ఉత్తదే గదా అనుకున్న డ్రమ్ము అది.
నిండుది కాలుతది, ఖాళీది పేలుతది అనెటోడు.

సబ్బు నురుగు పూసి, గాలి పట్టి
అతుకుల పొంటి బుడగలు ఎతుకుతుంటే
అప్పుడు చెప్పిండు, నా దిక్కు చూడకుండ:
"ఏడు కిలోమీటర్లన్నా.
అహేరి దవాఖాన ఏడు కిలోమీటర్లుండంగ."
వాగు నిండి, చుట్టు తిరిగొచ్చిన రాత్రట.
ఎవరని అడగలే.

చేతుల పని ఆగలే గని తలకాయ లెక్క కట్టింది.
లీటరుకు పది వేసుకున్నా
ఏడు కిలోమీటర్లకు ముప్పావు లీటరు గుడ కాదు.
ఒక చాయ్ కెటిలంత.
దానికి నేను అరవై లీటర్ల రేకు మడుస్తున్న.

పైసలు సగమే తీసుకున్న అని చెప్పుకుంటే బాగుండు.
మొత్తం తీసుకున్న. రేకుల సేటుకు బాకీ ఉన్నది.

నాకా కాడ రెండుసార్లు దింపిండ్రట:
ఇంత డీజిల్ ఎవరి కోసమని.
ఏం చెప్పినవంటే
"మరాఠీల అడిగిండ్రు అన్నా, జవాబేమో గోండిలున్నది" అన్నడు.

దీపావళి ఎనుక మళ్లొచ్చిండు.
కాక్ పట్టుకుంటే బిగుసుకపోయి ఉన్నది.
వానకాలమంత ఒక్కసారి తిప్పలే.
"వాడు లచ్చూ. నిలువ డీజిల్ల నీళ్లు దిగుతయి, పాచి పడుతది."
బిరడ ఇప్పి వంపిన, అరగిలాస నీళ్లు.
బంకుకు పోయి
ఆ అరగిలాసంత మల్ల పోయించుకచ్చిండు.
పోసెటోడు నవ్విండట.

వేలి కణుపుతోటి టాంకీని కొట్టి, చెవి పెట్టి ఇన్నడు,
గోదారి ఇసుకల పుచ్చకాయను చూసినట్టు.
నిండుదానికి సప్పుడుండదు.

మా అమ్మ బియ్యం ఒడిసినయని ఏనాడు అనలే.
కుండల చెయ్యి పెట్టి, ఉత్త చెయ్యి తీసి
"నిండుకున్నయి బిడ్డా" అనేది.

ఆ రాత్రి బండి ఆగినంక
లచ్చు ఎనుకకు పోయి
మంచం మీదున్న మనిషికి
ఏ మాట చెప్పిండో.