కొత్త రోలు

తలుపు దగ్గర ఇంకా వాడని పూలగుత్తులు,
రిబ్బన్ మీద అరబ్బీలో అభినందనలు.
తెరిచి పదకొండు రోజులు.
లూసైల్‌లో కొత్త మెక్సికన్ రెస్టారెంటు;
కుర్చీ లాగడానికి ఒకడు,
ఒడిలో గుడ్డ పరచడానికి ఇంకొకడు.

స్వరూప మెనూ చూసింది.
నేను పైకప్పు చూశాను.
అలవాటు.
ఆ రాగిరంగు పలకల వెనక నలభై మీటర్ల డక్టు ఉంది.
మూడో మలుపులో ఒక బోల్టు తక్కువ,
ఆ సంగతి నాకొక్కడికే తెలుసు.

తెరిచే ముందు రాత్రి వంటగదిలోకి పొగ తిరగబడితే
రెండింటికి ఫోన్ చేశారు.
నాలుగున్నరకు పొగ దారిన పడింది.
మేనేజర్ నబీల్ జేబులో కార్డు పెట్టాడు: ఇద్దరికి భోజనం.
విజిటు వీసా మీద ఈమె దిగేదాకా
దాన్ని పర్సులో పెట్టుకు తిరిగాను,
మడత పడకుండా.

మెనూలో అంకెలున్నాయి, రియాళ్ళని లేదు.
"గివి పేజీ నంబర్లా?" అంది.
అంచుకు ఉప్పు రాసిన గ్లాసులో చింతపండు రసం వచ్చింది.
రెండు గుక్కలు తాగి
"జరమొస్తె మంచిగుంటది" అంది.

అప్పుడు చక్రాల బండి మీద
మూడు కాళ్ళ నల్లరాతి రోలు.
కుట్టుపూల చొక్కా వేసుకున్న నేపాలీ కుర్రాడు, బిశాల్,
కాల్చిన టమాట, కాల్చిన మిరప, ఉల్లి, కొత్తిమీర
మా కళ్ళముందే నూరాడు,
పెళ్ళిలో పంతులంత శ్రద్ధగా.
పక్కన గుడ్డలో చుట్టిన మక్కరొట్టెలు,
అరచేయంత.

పక్క బల్ల దగ్గర అమ్మాయి అదే పచ్చడికి ఫోటోలు తీసి
కళ్ళు మూసుకుని తింటోంది.
నేనూ అప్పటికే రెండుసార్లు బాగుందన్నాను.

స్వరూప నమలడం ఆపింది.
నాలుకను పళ్ళ మీద తిప్పింది.
"గిది కొత్త రోలు. నూరకుండనే వాడవట్టిన్రు. రాయి తగుల్తుంది."

నా పంటి కిందా కరకరమంది, నిజం.
కానీ ఈ దేశంలో పదిహేడేళ్ళు.
పంటి కింద ఇసుకను లెక్కపెట్టడం
ఎప్పుడు మానేశానో గుర్తు లేదు.

"ఊకో" అన్నాను, "ఓసీ తిండి."
బిశాల్ దగ్గరికొచ్చాడు. ఏమైందన్నాడు.
ఒక్క మాటే దొరికింది నాకు: "పత్థర్."
వాడి మొహం మాడింది, లోపలికి పరుగెత్తాడు.
ఏసీ కాంట్రాక్టు పోయిందనుకున్నాను.

వంటాయన వచ్చాడు.
పొట్టి మనిషి, మోచేతుల దాకా మక్కపిండి,
జేబు మీద ఎవుసేబియో అని కుట్టి ఉంది.
రోటి అడుగున వేలు రాసి
పళ్ళ మధ్య పెట్టుకుని, విన్నాడు.

స్వరూప ప్లేటులోంచి నాలుగు మెతుకులు తీసి చూపించింది.
పిడికిలి బిగించి గాలిలో గుండ్రంగా తిప్పింది.
"నానవెట్టిన బియ్యం. తెల్లగొచ్చేదాంక. మూడుమార్లన్న."

ఆయన నవ్వాడు. ఆయనా పిడికిలి తిప్పాడు,
అటు నుంచి ఇటు.
తర్వాత నడుం మీద చెయ్యి పెట్టుకుని వంగి
ఎవరో ముసలామెలా నూరి చూపించాడు.
ఎవరామె, మేమడగలేదు.
ఆయన స్పానిష్‌లో ఏదో, ఈమె తెలుగులో ఏదో;
దుబాసీనని మధ్యలో కూర్చున్నవాణ్ణి
పనిలేకుండా నీళ్ళు తాగాను.

రోలు లోపలికి పోయింది.
పాలలో నానిన కేకు వచ్చింది. బాగుంది, ఈసారి నిజంగా.
వంటింటి తలుపు ఊగినప్పుడల్లా వినబడుతోంది,
రాతి మీద బియ్యం.
ఆ చప్పుడు డక్టులోకెక్కి
సరిగ్గా మూడో మలుపు దగ్గర
సన్నగా రేకై మోగింది.
ఇంకెవరికీ వినబడలేదు.

తిరుగు మెట్రోలో అడిగింది:
"నిజం చెప్పు. నీకు తెల్వలేదా రాయి?"
తెలియలేదన్నాను.
కిటికీలో నా మొహం వెనక దీపాలు పోతున్నాయి.
నాలుక ఇంకా ఆ పంటి దగ్గరే.

రేపు డ్యూటీకి ముందు
నిచ్చెన తీసుకుని అటు వెళ్ళి రావాలి.