రెండో శుక్రవారం

ముప్పై ఒక్కేళ్లు టాలిన్ వీధుల్లో ట్రాం నడిపాను.
ఎదుట అద్దం, అద్దం నిండా దారి.
ఇప్పుడు నా ఎదుట ఎవరిదో సీటు వీపు,
దానికి అతికించిన జానెడు తెర,
తెర మీద ఉత్తి నీలం,
నీలం మీద కదులుతున్నట్టే ఉండి కదలని
ఒక తెల్ల విమానం.

నలభై మూడు ఇ. మధ్య సీటు.
కిటికీ మా అక్క ఉర్వెది.
చిన్నప్పుడు మంచుబండి ముందు భాగం
ఎప్పుడూ ఆమెదైనట్టే.

మొదటి ఆరు గంటలూ మర్యాదగానే గడిచాయి.
బిగుతు మేజోళ్లు తొడుక్కున్నాం,
ఊపిరి బిగబట్టి, ఒకరి కాలు ఒకరు పట్టుకుని లాగి.
గంటకోసారి లేచి వెనక వంటగది దాకా నడిచాను.
మడమలెత్తి దించాను, ఇరవై సార్లు,
డాక్టరు చెప్పినట్టు.
అక్కడ ఒక ముసలాయన కూడా ఎత్తి దించుతున్నాడు.
పలకరించుకోలేదు.
ఒకే మడుగులో రెండు కొంగలం.

ఏడో గంటకి మోకాళ్లు నోరు విప్పాయి.
నేల మీద ఎన్నడూ ముట్టని టమాటా రసం
మూడు గ్లాసులు తాగాను.
వెనక సీట్లో పసివాడు ఏడుపు అందుకున్నాడు.
ఎవరూ విసుక్కోలేదు.
మా అందరి తరఫునా వాడొక్కడే ఏడుస్తున్నాడు.

గాలి కుదిపినప్పుడల్లా
నా కుడికాలు బ్రేకు నొక్కుతోంది.
కింద తివాచీ తప్ప ఏమీ లేదు.
అయినా నొక్కుతోంది.

సింగపూర్. శుక్రవారం, రాత్రి తొమ్మిది.
కాఫీ వరసలో నిలబడి,
ముందూ వెనకా లేకుండా ఉర్వె అంది:
"నా రొమ్ము కోసిన రోజు నువ్వు రాలేదు."
డ్యూటీ ఉంది, అన్నాను.
"నువ్వు లేకపోతే ట్రాములు పట్టాలు మరిచిపోతాయా?"

నా దగ్గర ఒక జవాబుంది. చెప్పుకోదగ్గది కాదు.
ఆ రోజు ఆసుపత్రి స్టాపులో
నాలుగుసార్లు బండి ఆపాను.
తలుపులు తెరిచాను.
ఎవరో పూలతో దిగారు, ఎవరో ఎక్కారు.
తలుపులు మూశాను.

అది చెప్పలేదు.
కాఫీలో చక్కెర ఎక్కువైంది, అన్నాను.

తర్వాతి విమానంలో పది గంటలు
మా మధ్య మోచేతి పట్టె ఖాళీగా పడి ఉంది.
ఇద్దరిలో ఎవరూ చెయ్యి పెట్టలేదు.
నాలుగో గంటకి ఉర్వె నిద్రపోయింది, నోరు తెరుచుకుని.
ఆమె తల జారి జారి నా భుజం మీదకొచ్చింది.
నిద్రకి పంతాలు తెలీవు.
నేను నడకకి లేవలేదు. మడమలెత్తలేదు.
డాక్టరు వద్దన్న పనే చేశాను:
కదలకుండా కూర్చున్నాను, ఆక్లండ్ దాకా.
దిగేటప్పుడు ఎడమకాలు నాది కాదు.

ఆక్లండ్‌లో శనివారం, మిట్టమధ్యాహ్నం.
అక్కణ్ణుంచి ఇంకో నాలుగు గంటలు, సముద్రం మీదే.
రారోటోంగాలో చక్రాలు నేలను తాకగానే
పైలట్ మైకులో నవ్వాడు:
"ఇక్కడ ఇవాళ శుక్రవారం."

తడి తువ్వాలులా మొహానికి చుట్టుకుంది గాలి.
తెరేమోవానా అని రొమ్ము మీద పేరున్న ఆవిడ
మా మెడల్లో దేవగన్నేరు దండలు వేసింది.
రెండు రోజులుగా స్నానం లేని మెడలు.
ఆమె ముక్కు ముడుచుకోలేదు.

ఉర్వె గోడ గడియారం చూసింది.
వేళ్ల మీద ఏదో లెక్కపెట్టింది,
మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది.
"ఎనిమిదైంది," అంది.
"ఆ మాట నేనింకా అనలేదు.
గంట టైముంది."

నవ్వుతోందో లేదో తెలీలేదు.
పూల వెనక నుంచి కళ్లే కనిపిస్తున్నాయి.

పెట్టెల పట్టీ తిరుగుతోంది. మా పెట్టె రాలేదు.
బయటెక్కడో, చీకట్లో,
ఇంకా చూడని సముద్రం
విరిగి, వెనక్కి తగ్గి, మళ్లీ విరుగుతోంది.

"ఆ రోజు పొద్దున ఎనిమిదీ పదికి," అన్నాను,
"మొదటిసారి మీ స్టాపులో బండి ఆపాను."

కుడికాలు బ్రేకు కోసం వెతికింది.
వెతకనిచ్చాను.