ఆరో గడి

పెదజాలరిపేట వార్డు సచివాలయంలో
కిటికీ ఊచలకు ఏటా రంగేస్తారు.
ఏటా ఉప్పుగాలి దాన్ని వలిచేస్తుంది.

సోమవారం పదిన్నరకి అరిజిల్లి పోలమ్మ వచ్చి
నా ఎదురుగా కూచుంది, నన్నెరగనట్టు.
నేనూ అంతే.
ఆఫీసు వేళల్లో మా ఇద్దరికీ అదొక మర్యాద.

మనవరాలి పేరు మీద అర్జీ.
పేరు దేవిక. వయసు తొమ్మిది.
తండ్రి అరిజిల్లి ఎల్లాజీ.
ఉన్నాడా, లేడా?
తెర మీద రెండే గడులు, మూడోది లేదు.
"యాటకెల్లినోడు, మరి రాలేదమ్మా.
బోటు సెక్క దొరికింది. ఆడు దొరకలేదు."
కనబడకుండా పోయినవాడు
ఏడేళ్ల దాకా బతికున్నట్టే లెక్క.
నాలుగయ్యాయి.
ఇంకా మూడేళ్లు బతకాలి ఎల్లాజీ.
'ఉన్నాడు' నొక్కాను.

తల్లి చిరునామా?
"పారాదీపంట."
ఊరి పేరు చాలదంది యంత్రం, ఇంటి నంబరు కావాలంది.
చుక్క గుర్తున్న గడి ఖాళీగా వదలకూడదు.
పోలమ్మ ఇంటి నంబరే రాశాను.
కోడలు ఆ క్షణాన తిరిగొచ్చినట్టయింది.

వేలిముద్ర.
ముప్పై ఏళ్లు పొలుసు గీకిన బొటనవేలు,
గీతలన్నీ వంజరాలూ కవళ్లూ పట్టుకుపోయాయి.
తలకి రాసుకుని పెట్టింది, చీరకి తుడుచుకుని పెట్టింది,
నాలుగోసారికి పచ్చగా వెలిగింది.

కరెంటు యూనిట్లు?
మూడు కాపురాలకు ఒకటే మీటరు,
ముగ్గురి ఫ్యాన్లూ ఒకరి పేరునే తిరుగుతాయి.
గాలివానకి స్తంభాలు పడిపోయి
పన్నెండు రోజులు చీకట్లో ఉన్న నెల
సగటులో కలిసొచ్చి, గట్టెక్కింది.

నాలుగు చక్రాల బండి ఉందా?
"ఉంది," అంది వెంటనే.
తలెత్తి చూశాను.
"సేపల తోపుడుబండమ్మా. ఒక సెక్రం ఊగుతాది."
అప్పుడు నవ్వాం, ఇద్దరం ఒక్కసారి,
పక్క బల్ల సర్వేయరు తిరిగి చూసేంతగా.

ఆరో గడి, నెల ఆదాయం.
ఎండుచేపల మీద ఇంత, హార్బర్లో ఐసు కొట్టినందుకు ఇంత.
గీతకి ఇవతలే ఉంది, మూడు వేల దూరంలో.
ఇంకేమైనా వస్తుందా పోలమ్మా?
మాట్లాడలేదు. నా మెడలోని గుర్తింపు కార్డు వైపు చూసింది.
వస్తుంది.
ప్రతి నెలా ఒకటో తారీకున
మూడున్నర వేలు, నా చేత్తో నేనే ఇస్తాను.
పద్నాలుగు నెలల నా కూతురు
పొద్దున్నుంచి సాయంత్రం దాకా
ఆవిడ ఇంటి దూలానికి కట్టిన చీర ఊయల్లోనే పెరుగుతోంది.

ఉన్నట్టుండి గుండె ఝల్లుమంది.
"పాప ఎవరి దగ్గరుంది?"
"దేవిక సూత్తంది."
"బడికెళ్లలేదా?"
"సోమారం రమ్మంది నువ్వే కదమ్మా."

ఏడో గడిలో హాజరు శాతం అడుగుతారు.
ఇంకా అక్కడిదాకా వెళ్లలేదు.

వేలు గాల్లోనే ఆగింది.
ఆ మూడున్నర రాయకపోతే
అడిగేవాళ్లు లేరు. చూసినవాళ్లు మేమిద్దరమే.
పోలమ్మ ముందుకి వంగింది. గొంతు తగ్గించింది.
"రాసీ.
రేపెవడో ఎంక్వైరీకొత్తే నీ ఉజ్జోగం పోద్ది.
నీ ఉజ్జోగం పోతే
నా మూడున్నర పోద్ది.
గుంటకి అదేనా ఉండాల కదా."

రాశాను.
ఎర్రగా వచ్చింది, ఒకటే మాట.
రసీదు మడిచి రొంటిలో దోపుకుని లేచింది.
"సాయంత్రం బేగి రా, పాలడబ్బా అయిపోయింది."

ఆరింటికి వెళ్లాను.
మెట్ల మీద దేవిక, నడుం వంకరయ్యేలా పిల్లని చంకనెత్తుకుని.
నా బిడ్డ జుట్టు నిండా ఎండు నెత్తళ్ల వాసన.
"రొండుసార్లు పాలు తాగింది టీచర్,"
(ఆఫీసులో పనిచేసేవాళ్లందరూ ఆ పిల్లకి టీచర్లే)
"మూడుసార్లేడిసింది. ఒకసారి పడింది, దెబ్బ తగల్లేదు.
పన్నెండు నుంచి రెండు దాకా తొంగుంది.
నాను తొంగోలేదు."

అడక్కుండానే అన్నీ చెప్పింది,
ఒక్క గడీ ఖాళీ వదలకుండా.